ఆకులన్నీ అలికినట్టు ఎందుకుంటాయి? – చిన్న కెమెరాల బొమ్మలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో జేబులో పట్టే డిజిటల్ కెమెరాల గురించి నేను రాసిన నాలుగు పేజీలకు చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కొందరు తాము తీసిన ఫొటోలు కూడా జత చేశారు. నేను స్టూడియో నడిపేవాణ్ణి కాను, కెమెరాలు అమ్మేవాణ్ణీ కాను. 2006 నుంచి తీరిక దొరికిన ఆదివారాల్లో చంద్రగిరి కోట చుట్టూ, కపిలతీర్థం దారిలో, గోవిందరాజస్వామి గోపురం ముందు తచ్చాడుతూ ఇప్పటికి నాలుగు చిన్న కెమెరాలు అరగదీసినవాణ్ణి మాత్రమే. ఈ జవాబులను ఆ మేరకే తీసుకోవాలని మనవి.

ప్రశ్న: ఈ మధ్య 20 మెగాపిక్సెళ్ళ చిన్న కెమెరా కొన్నాను. పిల్లలతో తలకోన వెళ్ళినప్పుడు తీసిన బొమ్మలు కెమెరా వెనుక తెర మీద ముచ్చటగా ఉన్నాయి. ఇంటికి వచ్చి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే, జలపాతం పక్కన కొండచరియ మీది చెట్లు ఆకులు ఆకులుగా కాక, పచ్చరంగు పూసి చేత్తో అలికినట్టు కనిపించాయి. మా పాత 8 మెగాపిక్సెళ్ళ కెమెరాలోనే ఆకు తేటగా ఉండేదని మా ఆవిడ అంటోంది. కొన్నచోట అడిగితే, 'ఇరవై మెగాపిక్సెళ్ళు సార్, ఇంతకంటే ఏం కావాలి' అన్నారు. లోపం కెమెరాలో ఉందా, నా చేతిలో ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: రెండింటిలోనూ లేదు. మీ శ్రీమతి గారి కన్ను మాత్రం నిక్కచ్చిది.

మీ కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సార్ సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. చిటికెనవేలి గోరులో సగం కూడా రాదు. పెట్టె మీద దానినే 1/2.3 అంగుళాలని అచ్చు వేస్తారు. అది పాత టీవీ కెమెరా గొట్టాల బయటి కొలతల నుంచి వచ్చిన వాడుకే తప్ప, స్కేలు పెట్టి కొలిస్తే ఆ అంకె సెన్సార్ మీద ఎక్కడా దొరకదు. ఆ కాస్త జాగాను మీ కొత్త కెమెరాలో 2 కోట్ల గళ్ళుగా కోశారు. తాతల నాటి ఎకరాన్ని ఎనిమిది మంది పంచుకున్నప్పుడు వచ్చిన వాటా ఇరవై మంది పంచుకుంటే రాదు. ఎకరం పెరగలేదు, గట్లు పెరిగాయి. పైగా ఆనాటి 8 మెగాపిక్సెళ్ళ కెమెరాల్లో కొన్నింటికి సెన్సార్ కూడా కాస్త పెద్దది, 7.2 మిల్లీమీటర్లకు 5.3 మిల్లీమీటర్లు ఉండేది.

గడి చిన్నదైతే అందులో పడే వెలుతురూ తక్కువే. వెలుతురు నీటిధారలా ఎడతెగకుండా రాదు, రవ్వ చల్లినట్టు కణాలు కణాలుగా వస్తుంది. ఒక గడిలో 10,000 కణాలు పడితే లెక్కలో వచ్చే తేడా 100 దాకా ఉంటుంది, అంటే నూటికి ఒకటి. 100 కణాలే పడితే తేడా 10, అంటే నూటికి పది. ఒకే పచ్చని ఆకు మీది పక్కపక్క గళ్ళలో ఒకటి కాస్త వెలుగ్గా, ఒకటి కాస్త మసకగా నమోదై, బొమ్మంతా బొంబాయి రవ్వ జల్లినట్టు కనిపించేది ఇందువల్లనే. దీనినే నాయిస్ అంటారు. తలకోనలో జలపాతం సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి పడుతున్నా, కింద నిలబడిన చోట చుట్టూ దట్టమైన చెట్లు, చరియల నీడ ఉంటాయి. మన కన్ను ఆ నీడకు ఇట్టే అలవాటు పడిపోతుంది గనుక అక్కడ ఎంత చీకటిగా ఉందో మనకు తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అన్నీ కెమెరాకే వదిలే ఆటో పద్ధతిలో పెట్టి ఉంటే అది తనంతట తాను, అందిన వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె అయిన ఐఎస్‌వోను 800కో 1600కో పెంచుకుంటుంది.

అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ రవ్వ కొనుగోలుదారు కంట పడితే కెమెరాకు చెడ్డపేరు వస్తుందని, జేపెగ్ అనే మామూలు బొమ్మ ఫైలు రాసే ముందే లోపలి సాఫ్ట్‌వేర్ దానిని తుడిచేస్తుంది. ఏది నాయిసో, ఏది ఆకు అంచో దానికి తెలియదు. గచ్చు మీద ముగ్గు ఉందో దుమ్ము ఉందో చూడకుండా తడిగుడ్డ పెట్టినట్టు, రెండింటినీ కలిపి తుడుస్తుంది. గోడలు, ఆకాశం, చొక్కా వంటి నునుపైన వాటికి దీనివల్ల నష్టం కనిపించదు. ఆకులు, గడ్డి, జుట్టు, రాతి గరుకుదనం ముందుగా చెరిగిపోతాయి. అంటే మీరు చూసిన ఆ అలుకుడు వెలుతురు తక్కువైనందుకు కెమెరా చేసిన సర్దుబాటు.

మా మేడ మీద నుంచి ఎదురింటి వేపచెట్టును ఒకే సాయంత్రం, పిట్టగోడ మీద కెమెరా ఆనించి, 1/2.3 సెన్సార్ కెమెరాతో తీసి చూశాను. ఐఎస్‌వో 100లో వేపరెబ్బ రంపపు అంచు లెక్కపెట్టవచ్చు. 400లో రెబ్బ రెబ్బగానే ఉంది గాని అంచు నునుపయింది. 1600లో రెబ్బలన్నీ కలిసిపోయి పచ్చని ముద్దయ్యాయి, వాటి మధ్య నుంచి కనిపించవలసిన పుల్లలు ఎక్కడికక్కడ తెగిపోయాయి. విచిత్రమేమిటంటే, చెట్టు పక్కనున్న నీళ్ళ ట్యాంకు మాత్రం మూడింటిలోనూ ఒకేలా ఉంది. అందుచేత కెమెరా కొనేటప్పుడు దుకాణంలోని రంగుల అట్టపెట్టెలను తీసి చూడడం దండగ. ఎవరి తలనైనా దీపం కింద తీసి, వెంట్రుకలు వెంట్రుకలుగా ఉన్నాయో లేదో చూడండి.

ఇక చేయవలసింది. ఐఎస్‌వోను ఆటోలో వదలకుండా 100 లేదా 200 దగ్గర నిలపండి. షట్టర్ నిదానిస్తుంది గనుక కెమెరాను బండ మీదో స్టాండు మీదో ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి వదిలేయండి. కొండా చెట్లూ ఎక్కడికీ పోవు. మీ కెమెరా మెనూలో నాయిస్ రిడక్షన్ తగ్గించే వీలుంటే తగ్గించండి. నా మటుకు నాకు రవ్వ ఉన్న బొమ్మే అలికిన బొమ్మ కంటే మేలు.

మరొక మాట. మామూలు కంప్యూటర్ తెర మీద 20 మెగాపిక్సెళ్ళ బొమ్మను పూర్తి సైజులో తెరిస్తే మీరు చూసేది సుమారు నాలుగున్నర అడుగుల వెడల్పున్న బొమ్మలో ఒక ముక్క. అంత పెద్ద బొమ్మను అడుగున్నర దూరం నుంచి గోడ మీద ఎవరూ చూడరు. 12 అంగుళాలకు 8 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 86 లక్షల పిక్సెళ్ళు చాలు. మీ తలకోన బొమ్మను ఒకసారి ఆ సైజులో ప్రింటు వేయించి చూసి, ఆ తరువాత కెమెరాను తిట్టండి. సగం కోపం తగ్గుతుందని నా అనుభవం. మిగతా సగం న్యాయమైనదే.

ప్రశ్న: తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బండ వేషం రోజున ఒళ్ళంతా కుంకుమ పూసుకున్న మా మనవణ్ణి తీశాను. ముఖం మీద కుంకుమ అంతా ఒకే ఎర్రటి మచ్చలా వచ్చింది. బుగ్గ ఏదో గడ్డం ఏదో తెలియడం లేదు. మరుసటి రోజు తోటి వేషం బొమ్మల్లోనేమో బొగ్గు నలుపు బూడిదరంగుకు తిరిగింది. ఎండ బాగా ఉన్నప్పుడే తీశాను కదా, ఎందుకిలా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, తిరుపతి

జవాబు: ఎండ బాగా ఉండడమే మీ మనవడి కుంకుమకు చేటయింది.

సెన్సార్ మీది గళ్ళకు రంగులు తెలియవు. ఒక్కొక్క గడి మీద ఒక్కొక్క రంగు అద్దం తొడుగుతారు. ప్రతి నాలుగు గళ్ళలో రెండింటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. 1976లో కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన ఈ అమరికే నేటికీ ఎక్కువ కెమెరాల్లో ఉంది. కుంకుమ పూసిన ముఖం నుంచి వచ్చేదంతా దాదాపు ఎరుపే గనుక, ఆ ముఖాన్ని చూసేది నాలుగింట ఒక వంతు గళ్ళు మాత్రమే. ఎండలో అవి నిండి పొంగిపోతాయి. నిండిన కుండలో ఇంకెంత పోసినా మట్టం మారదు గనుక వెలుగున్న బుగ్గా, నీడనున్న గడ్డమూ ఒకటే ఎరుపుగా నమోదవుతాయి. ఆకుపచ్చ, నీలం గళ్ళు అప్పటికి దాదాపు ఖాళీగానే ఉంటాయి. వెలుతురును కొలిచే మీటరు ఆకుపచ్చకు ఎక్కువ విలువ ఇచ్చి సరాసరి చూసుకుని, అంతా సవ్యంగానే ఉందని చెబుతుంది. దీనికి తోడు చిన్న కెమెరాల జేపెగ్‌లో రంగులను కొంత ఎక్కువ చేసి చూపించే అలవాటు ఉంది. అమ్మకానికి అది పనికివస్తుంది గాని, జాతరకు పనికిరాదు.

ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మీట నొక్కి, మైనస్ మూడింట రెండు వంతుల దగ్గర పెట్టి తీయండి. రంగుల గాఢతను ఒక మెట్టు తగ్గించండి. వీలైతే పిల్లవాణ్ణి పందిరి నీడకు పిలవండి. ముఖం మీద చెమట దిగిన చారలు, వేళ్ళతో పూసిన గీతలు అప్పుడు కనిపిస్తాయి. ఆ వేషం అందమంతా ఆ గీతల్లోనే ఉందని నేను అనుకుంటాను.

తోటి వేషం సంగతి వేరు. మీటరుకు నలుపూ తెలియదు, తెలుపూ తెలియదు. ఏది చూపించినా నడిమి బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. బొగ్గు పూసిన ఒళ్ళు చట్రం నిండా ఉంటే చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేసింది. అక్కడా మైనస్ ఒకటి దాకా తగ్గించాలి. బైరాగి వేషం నాటి నామంసుద్ద తెలుపుకు ఇది తిరగబడుతుంది. తెలుపు మాసినట్టు రాకుండా ప్లస్ వైపు జరపాలి. వారం రోజుల జాతర మనకు తెలియకుండానే మీటరు పాఠాలన్నీ వరసగా నేర్పుతుంది.

ప్రశ్న: కార్తీక మాసంలో తుంపర పడుతున్న రాత్రి కపిలతీర్థం బయట కుటుంబ సభ్యులను ఫ్లాష్ వేసి తీశాను. బొమ్మ నిండా తెల్లని గుండ్రని వెలుగులు తేలుతున్నాయి. మా అత్తగారు వాటిని చూసి దండం పెట్టుకున్నారు. ఏమిటవి?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అత్తగారి దండానికి నేను అడ్డు చెప్పను. కెమెరా వరకు చెప్పాలంటే అవి తుంపర చినుకులు. చిన్న కెమెరాలో ఫ్లాష్, లెన్స్ ఒకదానికొకటి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. లెన్స్ ముందు గాలిలో వేలాడే చినుకు మీద ఫ్లాష్ వెలుగు పడి నేరుగా లెన్స్‌లోకే తిరిగి వస్తుంది. అంత దగ్గరి వస్తువుకు ఫోకస్ కుదరదు గనుక చుక్క కాస్తా గుండ్రని బిళ్ళలా పరుచుకుంటుంది. వేసవిలో దుమ్ము లేచినప్పుడూ ఇదే కనిపిస్తుంది. మనుషుల కళ్ళు ఎర్రగా రావడానికి కూడా ఫ్లాష్ లెన్స్‌కు అంత చేరువలో ఉండడమే కారణం. ఫ్లాష్ ఆపి, దీపస్తంభం వెలుగు ముఖాల మీద పడే చోట నిలబెట్టి తీస్తే ఆ బిళ్ళలు రావు.

ప్రశ్న: 40 రెట్లు జూమ్ ఉన్న కెమెరాతో నేలపట్టులో గూడబాతులను తీశాను. పూర్తి జూమ్‌లో ఈకలు ఎంతకూ తేటపడటం లేదు. జూమ్ తగ్గిస్తే పక్షి చిన్నదవుతోంది. పెద్ద కెమెరా కొనక తప్పదా?
– ఒక పక్షి ప్రేమికుడు, శ్రీకాళహస్తి

జవాబు: మీరు మోడల్ పేరు రాశారు గనుక లెక్క వేసి చెప్పగలను. 2018లో వచ్చిన కెనాన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్740 హెచ్‌ఎస్ లెన్స్, పాత ఫిల్ము కెమెరాల లెక్కలో 24 నుంచి 960 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. అంత పొడుగు లెన్స్‌ను చొక్కా జేబులో పట్టించిన ఇంజనీర్లకు నిజంగా నమస్కరించవలసిందే. అయితే జూమ్ చివరకు వెళ్ళేసరికి దాని అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే కంత, ఎఫ్/6.9కు సన్నబడిపోతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ కంత సన్నం). సన్నని కంత గుండా వెళ్ళిన వెలుతురు కొద్దిగా చెదురుతుంది. దూరాన ఉన్న ఒక సూదిమొన చుక్క సెన్సార్ మీద చుక్కగా పడక, ఎఫ్/6.9 వద్ద సుమారు 9 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అడ్డుకొలతతో బిళ్ళగా పడుతుంది. మీ కెమెరాలో ఒక్కో గడి 1.2 మైక్రాన్లే. అంటే ఒక చుక్క ఏడు గళ్ళకు పైగా పరుచుకుంటుంది. 20 మెగాపిక్సెళ్ళ ఫైలు చేతికి వస్తుంది గాని, అందులోని వివరం కొద్ది మెగాపిక్సెళ్ళదే. దీనికి తయారీ లోపం కారణం కాదు, వెలుతురు స్వభావమే అంత.

ఇందులో మన చేతిలో ఉన్నవి రెండున్నాయి. ఒకటి గాలి. పొద్దెక్కిన తరువాత నీటి మీద, ఎండిన నేల మీద వేడిగాలి వణుకుతుంది. ఆ వణుకు గుండా అరకిలోమీటరు దూరపు పక్షిని ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా ఉడుకుతున్న నీటిలో నుంచి చూసినట్టే ఉంటుంది. పులికాట్‌లో రాజహంసలను మధ్యాహ్నం తీసి, కెమెరా పాడైందని సర్వీసుకు ఇవ్వబోయిన పెద్దమనిషిని నేనే. తెల్లవారి ఆరున్నర, ఎనిమిది గంటల మధ్య తీయండి. రెండవది జూమ్. 20 రెట్ల దగ్గర ఆపి తీసి, ఆ తరువాత కంప్యూటర్లో కత్తిరించి, పూర్తి జూమ్ బొమ్మతో పోల్చి చూడండి. నా చేతిలో రెంటికీ పెద్ద తేడా రాలేదు. తక్కువ జూమ్ బొమ్మల్లో చెయ్యి వణికినవి మాత్రం తక్కువ. డిజిటల్ జూమ్ అనేదాన్ని మెనూలోకి వెళ్ళి శాశ్వతంగా ఆపేయండి. అది కెమెరా చేసే కత్తిరింపే, ఇంట్లో మీరు ఇంకా శ్రద్ధగా చేయగలరు.

పెద్ద కెమెరా కొంటే ఈకలు వస్తాయి. దానితో పాటు బరువు, ఖర్చు, ఇంట్లో మాటలు కూడా వస్తాయి. గూడు మీద వాలిన పక్షితో 12 అంగుళాల ప్రింటు మీకు చాలనుకుంటే ఉన్నదానితోనే మరో చలికాలం గడపండి.

ప్రశ్న: పాత సీసీడీ కెమెరాల రంగులు ఇప్పటివాటికి రావని మా స్నేహితురాళ్ళంతా సెకండ్ హ్యాండ్‌లో వెతికి కొంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, తిరుపతి

జవాబు: సగం నిజం. మీరు మెచ్చుకునే రంగులు కెమెరావే గాని, సీసీడీ అన్న మూడక్షరాలవి కావు. సీసీడీ, సీమాస్ రెండూ గళ్ళలో పోగైన వెలుతురును బయటకు చదివే పద్ధతులు మాత్రమే. రంగు ఎక్కువగా గళ్ళ మీది రంగు అద్దాల నుంచి, జేపెగ్ రాసే సాఫ్ట్‌వేర్ నుంచి వస్తుంది. పాత బొమ్మలకున్న ఆ రూపానికి ముఖాల మీద నేరుగా కొట్టే ఫ్లాష్, వెనుక చీకటి, తెల్లగా తేలిపోయిన నుదుళ్ళు ముఖ్య కారణాలు. ఆ ఫ్లాష్ మీ ఇంట్లో ఏ చిన్న కెమెరాకున్నా అదే రూపం వస్తుంది. కొనాలనే ఉంటే 2009 నాటి కెనాన్ ఎస్90 మంచిది. 10 మెగాపిక్సెళ్ళు, 7.6 మిల్లీమీటర్లకు 5.7 మిల్లీమీటర్ల సీసీడీ సెన్సార్. పైగా రా ఫైలు, అంటే లోపలి సాఫ్ట్‌వేర్ తుడవకముందు నాటి ముడి ఫైలు, కూడా ఇస్తుంది గనుక అలుకుడు బాధ ఉండదు. దానితో దీపాలను తీసేటప్పుడు తెర మీద నిలువుగా ఊదారంగు గీత కనిపిస్తే కంగారు పడకండి. గడి నిండి పొంగితే సీసీడీలో అలాగే పారుతుంది. సీసీడీకి మాత్రమే సొంతమైన గుణం ఏదైనా ఉందంటే అదే.

ప్రశ్న: చేతిలో మంచి ఫోన్ ఉండగా చిన్న కెమెరా ఎందుకు?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: 1/2.3 సెన్సార్ కెమెరా అయితే, జూమ్ అవసరం లేనప్పుడు, కొత్తగా కొనవద్దనే చెబుతాను. నేటి మంచి ఫోన్ల ప్రధాన కెమెరాలో సెన్సార్ దానికంటే పెద్దది. పైగా ఫోన్ ఒక్క నొక్కుకు అనేక బొమ్మలు తీసి కలిపి, నాయిస్‌ను సరాసరిలో తగ్గిస్తుంది. 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు తయారీ సంస్థల నుంచి బయటకు వెళ్ళగా, 2021 నాటికి అది కోటికి లోపే. జనం తెలివితక్కువగా ఏమీ మానలేదు.

1 అంగుళం సెన్సార్ సంగతి వేరు. 13.2 మిల్లీమీటర్లకు 8.8 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యంలో మామూలు చిన్న కెమెరాకు నాలుగు రెట్లు. 2012లో వచ్చిన మొదటి సోనీ ఆర్‌ఎక్స్100ను నేను ఇప్పటికీ వాడుతున్నాను. గోవిందరాజస్వామి గోపురాన్ని దీపాలు వెలిగే వేళకు ఐఎస్‌వో 1600లో తీసి, రా ఫైలు నుంచి 12 అంగుళాల ప్రింటు వేయిస్తే, పై అంతస్తుల్లోని సున్నపు బొమ్మల చేతివేళ్ళు విడివిడిగా కనిపిస్తాయి. నా పాత చిన్న కెమెరాలో ఆ చేతులన్నీ ముడిచిన పిడికిళ్ళే.

ప్రశ్న: అయిదేళ్ళు బీరువాలో ఉంచిన కెమెరా లెన్స్‌లో సాలెగూడులా ఏదో కనిపిస్తోంది. బొమ్మల మీద ప్రభావం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: అది బూజు. వాన రోజుల తేమ, బీరువాలోని చీకటి దానికి అనుకూలం. అంచున కాస్త ఉంటే బొమ్మలో కనిపించదు. నడిమిలో ఉంటే ఎండకు ఎదురుగా తీసిన బొమ్మలన్నిటి మీదా పాలు కలిపినట్టు తెల్లని పొర వస్తుంది. కిటికీకి ఎదురుగా ఒకటి, కిటికీకి వీపు పెట్టి ఒకటి తీసి పోల్చండి. తేడా ఎక్కువ లేకపోతే లెన్స్‌ను విప్పించవద్దు. ఎందుకంటే బూజు అద్దం పూతను తినేసి ఉంటే తుడిచినా మచ్చ పోదు. ఇక మీదట దానిని తోలు సంచిలో కాకుండా, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి, బీరువా బయట ఉంచండి.